గెలాక్సీ బరువు తెలియాలంటే దాని వయసు తెలియాలి

2025 చివర్లో పుణె నుంచి ఒక మంచి వార్త వచ్చింది. అక్కడి నేషనల్ సెంటర్ ఫర్ రేడియో ఆస్ట్రోఫిజిక్స్‌కు చెందిన రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన చిత్రాల్లో ఒక సర్పిలాకార గెలాక్సీని పట్టుకున్నారు. విశ్వం వయసు 150 కోట్ల ఏళ్లు ఉన్నప్పటి గెలాక్సీ అది. అంత తొందరగా అంత చక్కగా రెండు చేతులు విచ్చుకున్న గెలాక్సీ కనిపిస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. మన పాలపుంతను హిందీలో మందాకిని అంటారు. హిమాలయాల్లో మందాకిని వెళ్లి కలిసే నది పేరు మీద దీనికి అలకనంద అని పేరు పెట్టారు.

ఆ వార్తలో ఒక అంకె ఉంది. అలకనందలోని నక్షత్రాల మొత్తం బరువు సూర్యుడి బరువుకు దాదాపు 1,000 కోట్ల రెట్లు. చాలామంది ఆ వాక్యం చదివి ముందుకు వెళ్లిపోయి ఉంటారు. నేను మాత్రం అక్కడే ఆగాను. 1,200 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి వచ్చిన కాంతి, ఫొటోలో గోరంత మరక. అందులో ఎన్ని సూర్యుల సరుకు ఉందో ఎలా చెప్పారు? ఏ కాటా మీద పెట్టి తూచారు?

గెలాక్సీ పరిశోధనలో ఇంతకన్నా ముఖ్యమైన అంకె లేదనే చెప్పాలి. ఏది ఎదిగింది, ఏది ఆగిపోయింది అన్న మాటలన్నీ దీని మీదే నిలబడతాయి. ఇది నేరుగా కొలిచిన అంకె కాదన్న సంగతి మాత్రం వార్తల దాకా రాదు.

నిజంగా తూచడానికి మనకున్న సాధనం గురుత్వాకర్షణ ఒక్కటే. గెలాక్సీ అంచుల్లో నక్షత్రాలు, వాయువు ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూస్తే, వాటిని పట్టి ఉంచుతున్న బరువెంతో లెక్కగట్టొచ్చు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రొమెడా గెలాక్సీకి అలాగే చూశారు. కేంద్రానికి దూరంగా వెళ్లేకొద్దీ వేగం తగ్గాలి, తగ్గలేదు. కంటికి కనిపించని పదార్థం ఏదో అక్కడ ఉందన్న ఆలోచన బలపడటానికి ఆ కొలతలే పెద్ద ఆధారం అయ్యాయి. దాన్నే ఇప్పుడు డార్క్ మ్యాటర్ అంటున్నాం.

సరుకు లారీని వే బ్రిడ్జి మీదకి ఎక్కిస్తే లారీ బరువు కూడా కలిసే వస్తుంది. ఖాళీ లారీ బరువు తెలిస్తే తప్ప ధాన్యం ఎంతో చెప్పలేం. గెలాక్సీల విషయంలో ఆ లారీ డార్క్ మ్యాటర్. పైగా సరుకు కన్నా లారీయే ఎన్నో రెట్లు బరువు. పాలపుంత మొత్తం బరువు సుమారు లక్ష కోట్ల సూర్యులు అనుకుంటే, అందులో నక్షత్రాల వాటా 5,000 నుంచి 6,000 కోట్ల సూర్యులు. నూటికి ఐదారు పాళ్లు. కాబట్టి నక్షత్రాల బరువు విడిగా కావాలంటే వేరే దారి లేదు, వాటి కాంతినే నమ్ముకోవాలి.

నక్షత్రాలన్నీ సూర్యుడిలాంటివే అయితే ఇది చిన్న భాగహారం. మొత్తం కాంతిని సూర్యుడి కాంతితో భాగిస్తే సరిపోయేది. కానీ నక్షత్రాల లోకంలో బరువుకీ వెలుగుకీ పొంతన ఉండదు. మన పంచాంగంలోని చిత్త నక్షత్రాన్ని చూడండి. అది నిజానికి ఒక జంట. అందులో పెద్దది సూర్యుడి కన్నా సుమారు 11 రెట్లు బరువు, వెలుగు మాత్రం దాదాపు 20 వేల రెట్లు. ఇటు సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. దాని బరువు సూర్యుడిలో 12 శాతం, వెలుగు 0.2 శాతం కూడా లేదు. ఎనిమిది ప్రాక్సిమాలు కలిస్తే ఒక సూర్యుడి బరువుకి దగ్గరగా వస్తాయి, వెలుగులో నూటికి రెండు పాళ్లు కూడా రావు.

పెద్ద నక్షత్రాలు దుబారాగా ఖర్చు పెట్టుకుని మహా అయితే రెండు మూడు కోట్ల ఏళ్లలో అయిపోతాయి. సూర్యుడి లాంటిది 1,000 కోట్ల ఏళ్లు ఉంటుంది. ప్రాక్సిమా లాంటి ఎర్ర మరుగుజ్జులు లక్షల కోట్ల ఏళ్లు బతుకుతాయి. విశ్వం పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా వాటిలో ఒక్కటి కూడా ముసలిదై చనిపోలేదు. గెలాక్సీలోని నక్షత్రాల బరువులో ఎక్కువ భాగం సూర్యుడంత, అంతకన్నా చిన్న నక్షత్రాలలోనే ఉంటుంది. వెలుగు మాత్రం పిడికెడు పెద్దవాటి నుంచి వస్తుంది.

రాత్రి పూట తిరుమల నుంచి ఘాట్ రోడ్డు మీద బస్సులో దిగుతుంటే కింద తిరుపతి దీపాలు పరుచుకుని కనిపిస్తాయి. ఆ దీపాలను బట్టి ఊళ్లో జనం ఎంతమందో చెప్పమంటే ఎలా చెబుతాం? పెళ్లి మంటపం ఒకటి ఫ్లడ్ లైట్లు వేసుకుని ఉంటే చూపంతా అటే పోతుంది. పక్కనే నలభై ఇళ్లలో ఒక్కొక్క బల్బు వెలుగుతూ ఉంటుంది, ఆ నలభై ఇళ్లే నిజంగా ఊరు. మంటపంలో రేపు పొద్దున్న ఎవరూ ఉండరు. గెలాక్సీలో కొత్తగా పుట్టిన పెద్ద నక్షత్రాలు ఆ మంటపం లాంటివి. వాటి వెలుగు వెనక వందల కోట్ల ఏళ్ల పాత నక్షత్రాలు ఎన్ని దాక్కున్నాయో తేల్చడం ఈ పనిలో అతి పెద్ద తలనొప్పి.

ఇక్కడ రంగు సాయపడుతుంది. ఒకేసారి పుట్టిన నక్షత్రాల గుంపును ఊహించుకోండి. మొదట్లో పెద్దవన్నీ ఉంటాయి కాబట్టి గుంపు నీలంగా, మహా ప్రకాశంగా ఉంటుంది. పెద్దవి ఒక్కొక్కటే రాలిపోతున్నకొద్దీ గుంపు రంగు పసుపు, నారింజ వైపు జరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. బరువు మాత్రం అంతగా తగ్గదు. కోటి ఏళ్ల వయసు గుంపునీ 1,000 కోట్ల ఏళ్ల వయసు గుంపునీ పోలిస్తే, అంతే కాంతి ఇవ్వడానికి ముసలి గుంపుకి నూరు రెట్ల దాకా ఎక్కువ బరువు ఉండాలి. కాబట్టి వయసు తెలియకుండా బరువు చెప్పడం కుదరదు. గెలాక్సీని తూచడమంటే దాని జీవిత కథ రాయడమే. ఇవి రెండు వేర్వేరు పనులు కావు.

ఈ సంగతిని లెక్కల్లోకి తెచ్చిన మనిషి బియాట్రిస్ టిన్స్‌లీ. 1941లో ఇంగ్లండ్‌లో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగింది. 1960లలో అమెరికాలోని డాలస్‌లో ఉంటూ, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది. అప్పట్లో విశ్వ విస్తరణను కొలిచేవాళ్లు పెద్ద గెలాక్సీల వెలుగు కాలంతో పెద్దగా మారదన్న ధీమాతో ఉండేవారు. ఆమె ఒప్పుకోలేదు. నక్షత్రాలు పుడతాయి, పోతాయి, వాటి బూడిదలోంచి మళ్లీ పుడతాయి, అందువల్ల గెలాక్సీ రంగు, వెలుగు మారి తీరాలని అంచెలంచెలుగా లెక్కగట్టి చూపించింది. 1978లో యేల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయింది. 1981లో, నలభై ఏళ్ల వయసుకే, క్యాన్సర్‌తో చనిపోయింది. ఇవాళ ఏ గెలాక్సీ బరువు గురించి చదివినా దాని కింద ఆమె వేసిన పునాది ఉంటుంది. ఆ పేరు మన సైన్స్ పుస్తకాల్లో కనబడకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు చేసే పద్ధతి కూడా మూలంలో ఆమెదే, కంప్యూటర్ మాత్రం పెద్దదయింది. ముందు ఒక ఊహా గెలాక్సీని తయారు చేస్తారు. ఏ కాలంలో ఎన్ని నక్షత్రాలు పుట్టాయి, ఏ బరువువి ఎన్ని, వాటిలో బరువైన మూలకాలెంత, మధ్యలో ధూళి ఎంత, ఇవన్నీ పెట్టి దాని కాంతి ఏ రంగులో ఎంత వస్తుందో లెక్కిస్తారు. ఇలాంటివి లక్షల్లో తయారు చేసి, టెలిస్కోప్ వేర్వేరు ఫిల్టర్ల గుండా చూసిన వెలుగుతో ఏది సరిపోతుందో చూస్తారు. అలకనందను 21 ఫిల్టర్ల దాకా వాడి చూశారు. సరిపోయిన నమూనా ఎంత బరువుదైతే గెలాక్సీది అంత బరువన్నమాట.

చిక్కేమిటంటే, ఎర్రగా కనిపించడానికి కారణాలు మూడున్నాయి. ముసలితనం ఒకటి. ధూళి ఇంకొకటి, సాయంత్రం సూర్యుడు ఎర్రబడినట్టే ధూళి వెనక ఉన్న లేత నక్షత్రాలు కూడా ఎర్రగా కనిపిస్తాయి. మూడోది, ఇనుము లాంటి బరువైన మూలకాలు ఎక్కువున్న నక్షత్రాలు అదే వయసులో కాస్త ఎర్రగా ఉంటాయి. రంగు ఒక్కటే చూస్తే వీటిలో ఏదో చెప్పలేం. స్పెక్ట్రం తీస్తే, అంటే కాంతిని సన్నటి గీతలుగా విడదీస్తే, చాలావరకు తెలుస్తుంది. ముసలి నక్షత్రాల కాంతి 4,000 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగం పొడవును కొలిచే ప్రమాణం) దగ్గర మెట్టు దిగినట్టు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మెట్టు లోతు వయసుకి మంచి గుర్తు. 2003లో గ్విన్‌వెర్ కాఫ్‌మన్ బృందం స్లోన్ డిజిటల్ స్కై సర్వేలోని 1,20,000కు పైగా గెలాక్సీల బరువులను ఈ గుర్తు సాయంతోనే కట్టింది. అందులో ఒక గట్టి విషయం తేలింది. నక్షత్రాల బరువు 3,000 కోట్ల సూర్యుల కన్నా తక్కువున్న గెలాక్సీలు ఎక్కువగా ఇంకా కొత్త నక్షత్రాలను కంటున్నాయి. ఆ గీత దాటినవి ఎక్కువగా ముసలివి, ఎర్రవి.

ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే కంటికి కనిపించని పొడవాటి తరంగాల కాంతిలో చూడటం మరో ఉపాయం. ఆ కాంతి ధూళిని సులువుగా దాటుతుంది. పైగా అక్కడ కొత్త నక్షత్రాల ఆర్భాటం తక్కువ, పాతవాటి వెలుగు బాగా తెలుస్తుంది. మంటపం లైట్లు ఆర్పేసి ఊరిని చూసినట్టు. దూరపు గెలాక్సీలకు వెబ్ టెలిస్కోప్ అవసరమైంది కూడా ఇందుకే. విశ్వం విస్తరించడం వల్ల అలకనంద కాంతి తరంగాలు అయిదింతలు సాగి మన దగ్గరికి వచ్చాయి. వెబ్ కన్నా ముందటి హబుల్ టెలిస్కోప్ చూడగలిగిన అతి పొడవాటి తరంగాలు కూడా ఆ గెలాక్సీ దగ్గర బయలుదేరినప్పుడు అతినీలలోహిత కాంతే, అది ఎక్కువగా కొత్త పెద్ద నక్షత్రాలదే. అంటే హబుల్‌కి కనిపించేది మంటపం మాత్రమే.

ఇంత చేసినా ఒక అనుమానం మిగిలే ఉంటుంది. దూరపు గెలాక్సీల్లో చిన్న నక్షత్రాలు ఎన్ని ఉన్నాయో మనం లెక్కపెట్టలేం, వాటి వెలుగు అంత తక్కువ. ఒక పెద్ద నక్షత్రం పుట్టినప్పుడు దానితో పాటు ఎన్ని చిన్నవి పుడతాయన్న నిష్పత్తిని మన చుట్టుపక్కల నక్షత్రాలను చూసి అనుకుంటున్నాం. 1955లో ఎడ్విన్ సాల్పీటర్ ఆ నిష్పత్తికి మొదటి సూత్రం ఇచ్చాడు. తర్వాత పావెల్ క్రూపా 2001లో, జిల్ షాబ్రియే 2003లో దాన్ని సవరించి, సాల్పీటర్ అనుకున్నన్ని మరుగుజ్జులు లేవన్నారు. ఒకే గెలాక్సీకి, ఒకే కాంతికి, సాల్పీటర్ సూత్రం వాడితే వచ్చే బరువు షాబ్రియే సూత్రంతో వచ్చే బరువుకి సుమారు 1.7 రెట్లు. గెలాక్సీలో ఏమీ మారలేదు, మన ఊహ మారింది అంతే. రెండు పరిశోధన పత్రాల్లోని అంకెలను పక్కపక్కన పెట్టేముందు ఇద్దరూ ఏ సూత్రం వాడారో చూడాలి.

ఆ నిష్పత్తి అన్నిచోట్లా ఒకటేనన్న నమ్మకం కూడా కదిలింది. 2010లో పీటర్ వాన్ డాకమ్, చార్లీ కాన్‌రాయ్ పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీల స్పెక్ట్రంలో మరుగుజ్జు నక్షత్రాలకు మాత్రమే బలంగా ఉండే సోడియం గీతలను వెతికారు. అవి పాలపుంత లెక్క ప్రకారం ఉండాల్సిన దానికన్నా గట్టిగా ఉన్నాయి. అంటే ఆ గెలాక్సీల్లో కనిపించని చిన్న నక్షత్రాలు ఇంకా ఎక్కువ, బరువు కూడా ఎక్కువ. ఈ వాదన ఇంకా ముగియలేదు.

గెలాక్సీ బరువు ఒకవైపు పెరుగుతూనే ఇంకోవైపు తరుగుతుంది కూడా. పెద్ద నక్షత్రాలు సూపర్‌నోవాలుగా పేలి, మధ్యరకం నక్షత్రాలు చివరి దశలో పైపొరలు వదిలేసి, తాము తీసుకున్న వాయువులో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తాయి. కాలక్రమంలో అది నూటికి 30 నుంచి 40 పాళ్ల దాకా ఉంటుంది. అందుకే ఇప్పటిదాకా పుట్టిన నక్షత్రాల బరువు వేరు, ఇవాళ మిగిలిన బరువు వేరు.

ఇక ఎదుగుదల సంగతి. ఒక గెలాక్సీ ఎదగడాన్ని మనం కూర్చుని చూడలేం, మన జీవితాలు చాలవు. దూరంగా చూస్తే పాత కాలం కనిపిస్తుంది కాబట్టి, వేర్వేరు కాలాల్లోని వేర్వేరు గెలాక్సీలను చూసి కథ అల్లుకోవాలి. ఊళ్లో ఒకే రోజు పసిపిల్లలనీ, బడి పిల్లలనీ, పెద్దవాళ్లనీ ఫొటోలు తీసి మనిషి ఎలా ఎదుగుతాడో చెప్పడం లాంటిది. ఏ పసివాడు ఏ పెద్దవాడవుతాడో ఫొటోలో రాసి ఉండదు. దీనికి వాడే చిట్కా వరస. ప్రతి కాలంలోనూ గెలాక్సీలను బరువు ప్రకారం వరసలో నిలబెట్టి, ఇవాళ పాలపుంత ఉన్న స్థానంలో అప్పుడు ఏది ఉందో చూస్తారు. ఈ లెక్కన పాలపుంత లాంటి గెలాక్సీలు తమ నక్షత్రాల్లో నూటికి 90 పాళ్లను గత 1,100 కోట్ల ఏళ్లలోనే సంపాదించుకున్నాయని తేలింది.

మొత్తం విశ్వంలో నక్షత్రాల పుట్టుక సుమారు 1,000 కోట్ల ఏళ్ల క్రితం జోరందుకుని, అక్కడి నుంచి తగ్గుతూ వచ్చింది. ఇవాళ ఆ జోరులో పదో వంతే ఉంది. పాలపుంతలో ఏడాదికి ఒకటి, రెండు సూర్యుల బరువు నక్షత్రాలే పుడుతున్నాయి. ఎందుకు తగ్గింది? దీనికి మంచి ఆధారం ఇచ్చినవాటిలో మన దేశపు టెలిస్కోప్ ఉంది. పుణె దగ్గర ఖోడద్‌లో 30 పెద్ద డిష్‌లతో ఉన్న జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్‌ని 800 కోట్ల ఏళ్ల క్రితం నాటి గెలాక్సీల వైపు తిప్పి, వాటిలోని హైడ్రోజన్ రేడియో సంకేతాన్ని వెతికారు. ఒక్కొక్క గెలాక్సీ సంకేతం కొలవలేనంత బలహీనం. అందుకే ఆదిత్య చౌదరి, నిస్సీమ్ కనేకర్, జయరామ్ చెంగలూర్ బృందం 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదాని మీద ఒకటి కలిపి సగటు తీసింది. 2020లో ఫలితం వచ్చింది. ఆ గెలాక్సీల్లో వాయువు నక్షత్రాల కన్నా ఎక్కువే ఉంది. కానీ నక్షత్రాలు పుడుతున్న వేగానికి అది 100 నుంచి 200 కోట్ల ఏళ్లలో ఖర్చయిపోతుంది. బయటి నుంచి కొత్త వాయువు వచ్చి పడకపోతే పొయ్యి ఆరిపోవాల్సిందే. విశ్వంలో జరిగింది అదే అనిపిస్తుంది.

ఉన్న వాయువంతా నక్షత్రాలు కాదు. పాలపుంత సైజు గెలాక్సీ తన వాటాకి వచ్చిన, డార్క్ మ్యాటర్ కాని మామూలు పదార్థంలో సుమారు అయిదో వంతును నక్షత్రాలుగా మారుస్తుంది. అంతకన్నా బాగా చేసేవి అరుదు. చిన్న గెలాక్సీల్లో సూపర్‌నోవాలు వాయువును ఊదేస్తాయి, మరీ పెద్దవాటిలో కేంద్రంలోని నల్లబిలం వెదజల్లే శక్తి వాయువును చల్లబడనివ్వదు. ఆ తర్వాత పెద్దవి ఎదిగేది ఎక్కువగా పక్కనున్న చిన్నవాటిని కలుపుకునే.

ఈ అయిదో వంతు అన్న అంకె గుర్తుంటే 2023లో వచ్చిన గొడవ అర్థమవుతుంది. ఇవో లాబే బృందం వెబ్ చిత్రాల్లో, విశ్వం వయసు 50 నుంచి 70 కోట్ల ఏళ్లున్నప్పటివిగా కనిపించిన ఆరు గెలాక్సీలను చూపించింది. వాటిలో ఒకదాని బరువు 10,000 కోట్ల సూర్యుల దాకా వచ్చింది. అప్పటికి అంత నక్షత్రాలు పుట్టాలంటే దొరికిన వాయువు దాదాపు మొత్తం నక్షత్రాలుగా మారిపోయి ఉండాలి. బిగ్ బ్యాంగ్ సిద్ధాంతమే తప్పని వీడియోలు వెల్లువెత్తాయి. ఆ బృందం మాత్రం మొదటి నుంచీ వీటిని ఇంకా ఖాయం కాని అభ్యర్థులనే అంది, స్పెక్ట్రం తీయాలంది. తీశాక, ఆరింటిలో ఒకటి అనుకున్న దానికన్నా దగ్గరిదని, దాని వెలుగులో వాయువును మింగుతున్న నల్లబిలం వాటా ఉందని తెలిసింది. నల్లబిలం వెలుగును నక్షత్రాల వెలుగనుకుంటే బరువు ఎక్కువ రాక తప్పదు. అదే ఏడాది విశ్వం వయసు 25 కోట్ల ఏళ్ల నాటిదనుకున్న ఇంకో గెలాక్సీ స్పెక్ట్రంలో 120 కోట్ల ఏళ్ల నాటిదని తేలింది. వాయువు నుంచి వచ్చే కొన్ని గట్టి గీతలు సరిగ్గా ఫిల్టర్లలో పడి దూరాన్ని మభ్యపెట్టాయి.

అలాగని అంతా సర్దుకుందని చెప్పలేం. స్పెక్ట్రంతో దూరం ఖాయమైన గెలాక్సీలు కూడా తొలి విశ్వంలో ఊహించిన దానికన్నా ఎక్కువే ఉన్నాయి, ఎక్కువ వెలుగుతున్నాయి. విశ్వం వయసు 30 కోట్ల ఏళ్లు నిండకముందే కొన్ని పదుల కోట్ల సూర్యుల బరువున్న గెలాక్సీ ఒకటి కనిపించింది. అప్పట్లో నక్షత్రాలు జోరుగా పుట్టాయా, లేక పెద్ద నక్షత్రాలు ఎక్కువ నిష్పత్తిలో పుట్టి తక్కువ బరువుకే ఎక్కువ వెలుగు ఇచ్చాయా? రెండోదే నిజమైతే తొలి గెలాక్సీల బరువులన్నీ తగ్గించి రాయాలి. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే ప్రశ్న ఇదే. సాల్పీటర్ 1955లో అడిగిన ప్రశ్నే కొత్త చోట మళ్లీ వచ్చింది.

అలకనంద అంకెను ఇప్పుడు మళ్లీ చూద్దాం. అందులో ఏడాదికి దాదాపు 60 సూర్యుల బరువు నక్షత్రాలు పుడుతున్నాయని అంచనా. ఆ వేగంతో 1,000 కోట్ల సూర్యుల సరుకు పోగవ్వడానికి 17 కోట్ల ఏళ్లు చాలు. మన సూర్యుడు పాలపుంత కేంద్రం చుట్టూ ఒక్క చుట్టు తిరగడానికే 20 కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. అంటే అలకనంద ఒంట్లోని నక్షత్రాల్లో చాలావరకు అప్పుడే పుట్టిన లేత నక్షత్రాలు. వాటి వెనక అంతకు ముందటి తరం ఎంత దాగి ఉందో ఫిల్టర్లు పూర్తిగా చెప్పలేవు. దాని దూరం కూడా ప్రస్తుతానికి ఫిల్టర్లలోని రంగుల నుంచి కట్టిందే. వెబ్‌లోని స్పెక్ట్రోగ్రాఫ్‌తో గానీ, చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోప్‌తో గానీ చూస్తే దూరం ఖాయమవుతుంది. పళ్లెం లాంటి ఆ గెలాక్సీ ఎంత వేగంతో తిరుగుతోందో కూడా తెలుస్తుంది. అప్పుడు లారీతో కలిపి మొత్తం బరువు చేతికొస్తుంది. కాంతి చెప్పిన 1,000 కోట్లు ఆ బరువులో ఇముడుతాయో లేదో చూడొచ్చు.